రాయి పెట్టిన గాటు

మొన్న మా మారేడ్‌పల్లి ఇంటికి ఒక అమ్మాయి వచ్చింది. పక్క వీధి వాళ్ళ మనవరాలు. ప్రకటనల కంపెనీలో బొమ్మలు వేసే ఉద్యోగంలో కొత్తగా చేరిందట. "తాతా, మీరు వార్ పోస్టర్లు చేత్తోని గీసిన్రంట గదా. ఒక్కసారి చూపించరా? ఆఫీసుల అందరికి చూపిస్తా" అంది. నా దగ్గర ఒక్కటి కూడా లేదన్నాను. నమ్మలేదు. ముసలాయన పెట్టె దించడానికి బద్ధకిస్తున్నాడనుకుందేమో, ఎక్కడుందో చెప్తే తనే తీసుకుంటానంది. చివరికి టీ తాగి, కొంచెం అలిగి వెళ్ళిపోయింది.

ఆ పిల్ల అడిగిన దాంట్లో తప్పేమీ లేదు. ఎందుకు దాచుకోలేదో చెప్పాలంటే టీ తాగేంత సేపు చాలదు, అందుకని రాస్తున్నాను. నాకు ఎనభై దాటాయి. లితో రాయి మీద మొదలుపెట్టి ఆఫ్‌సెట్ దాకా నలభై ఏళ్ళు ఈ పని చేశాను. సన్మానాల గురించి రాయను. కప్పిన శాలువాలన్నీ చెదలకు పోయాయి, వాటికైనా పనికొచ్చాయి. ఈ పనిలోకి వచ్చే పిల్లలకు ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. అది నాకు తెలిసేలా చేసింది ఒక బీడీ లేబులు, ఒక ఇసుక రేణువు. అదే చెప్తాను.

ప్రెస్సులో ఎవరి ముఖం బాగుంటే వాళ్ళది

సికింద్రాబాదులో కార్ఖానా అనే పేటలో ముదలియార్ గారి లితో ప్రెస్సులో నేను ఆర్టిస్టుని. అప్పటికి నాకు ఇరవై నాలుగో, ఇరవై అయిదో. లితో అంటే ఇప్పటివాళ్ళకు తెలియదు కనుక చెప్తున్నాను. నున్నటి రాతి పలక మీద జిడ్డు పెన్సిలుతో బొమ్మను ఎడమ కుడిగా, కుడి ఎడమగా గీయాలి. దాని మీద తుమ్మబంక పూసి, తడిపి, సిరా రోలరు తిప్పితే జిడ్డు ఉన్నచోటే సిరా అంటుకుంటుంది. కాగితం వేసి ఒత్తితే బొమ్మ. పని అయ్యాక ఇసుకా నీళ్ళూ పోసి, రాయి మీద రాయి పెట్టి రుద్దితే పాత బొమ్మ పోతుంది, కొత్త బొమ్మకు రాయి తయారు.

ఆ రాళ్ళు రుద్దే మనిషి ఖాజా మియా. మెదక్ దిక్కు పల్లెటూరు మనిషి. ఇంట్లో తెలుగే మాట్లాడేవాడు, ఉర్దూ అతనికి ప్రెస్సులోనే వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. ముఖం మాత్రం చూసి తీరాలి. వెడల్పు నుదురు, ఒత్తయిన కనుబొమ్మలు, చివర్లు పైకి తిరిగిన మీసం. నవ్వితే మీసం ముందు నవ్వేది, తర్వాత అతను నవ్వేవాడు.

మోడల్ని పిలిపించి కూచోబెట్టే రోజులు కావవి. సబ్బు లేబులుకో, అగ్గిపెట్టెకో ముఖం కావాలంటే ప్రెస్సులో ఎవరి ముఖం బాగుంటే వాళ్ళది గీసేసేవాళ్ళం. ప్రతి లితో ఆర్టిస్టు దగ్గరా పల్చటి కాగితం మీద ఎత్తుకున్న ముఖాల కట్ట ఒకటి ఉండేది. ఒకే ముఖం ఒకచోట వైద్యుడయ్యేది, ఇంకోచోట రైతయ్యేది. వంటావిడ ఒకే పోపుతో నాలుగు కూరలు చేసినట్టు చేసేవాళ్ళం. ఎవరినీ అడిగేవాళ్ళం కాదు. అడగాలని తోచేది కూడా కాదు.

అలా ఖాజా ముఖం మీసాల మామ బీడీ కట్ట మీదికి ఎక్కింది. బీడీ జిల్లాలన్నీ తిరిగింది. ఖాజా ఊరికి పోతే పిల్లలు మామా మామా అని వెంటపడేవారట. వచ్చి చెప్పి మురిసిపోయేవాడు. "నీ పుణ్యాన షాయరు కన్న ఎక్కువ మషూర్ అయిన, విఠల్ భాయ్" అనేవాడు. నేనూ మురిసిపోయాను.

తుపాకీ ఇచ్చిన రోజు

సంస్థానం ఉండేనా పోయేనా అని ఊరంతా గుసగుసలాడుతున్న రోజుల్లో ఒక వాలంటీరు దండు బయల్దేరింది. దాని పేరు పెద్దవాళ్ళందరికీ తెలుసు. నేను ఇక్కడ రాయను. ఆ పేరును ఒక నిరపరాధికి అంటగట్టిన చెయ్యి నాది, మళ్ళీ అదే చేత్తో రాయబుద్ధి కాదు. ఆ దండులో చేరమని చెప్పే పోస్టరు మా ప్రెస్సుకు వచ్చింది. కాదంటే ప్రెస్సు ఉండదు, ఆ సంగతి ముదలియార్ గారు చెప్పక్కర్లేకపోయింది. రెండు రోజుల్లో కావాలన్నారు. ముఖాల కట్ట తీశాను. మీసాల మామ పైనే ఉన్నాడు. తలకు టోపీ పెట్టాను, చేతికి తుపాకీ ఇచ్చాను, చూపును దూరానికి సారించాను. చక్కటి వీరుడు వచ్చాడు.

ఖాజా ప్రూఫు తీసుకుని చూశాడు. "నాకు తుపాకి ఎందుకిచ్చినవ్ భాయ్? నేను రాళ్ళు రుద్దుకునేటోన్ని" అన్నాడు.

"నీకు ఇయ్యలే మియా, బొమ్మకిచ్చిన" అన్నాను. నా తెలివికి నేనే నవ్వుకున్నాను.

నిజం చెప్పాలంటే నాకు ఆ రాజకీయం పట్టలేదు. అటువాళ్ళ మీద ప్రేమా లేదు, ద్వేషమూ లేదు. పని కుదిరిందా లేదా అన్నదే చూశాను. ఈ రోజుల్లో కూడా మంచి ఆర్టిస్టులు చాలామంది ఇదే మాట గొప్పగా చెప్పుకోవడం వింటుంటాను. నేను పనివాణ్ణి, పనే నా మతం అంటారు. ఆ మాట అన్నప్పుడల్లా పనివాడు తన చెయ్యి ఎవరికో అప్పగించేసి చేతులు కడుక్కుంటున్నాడని గుర్తుపెట్టుకోండి.

మూడు గీతలు, ఒక ఇసుక రేణువు

పోలీస్ యాక్షన్ నాలుగైదు రోజుల్లో అయిపోయింది. సైన్యం వచ్చింది, జెండా మారింది. ముదలియార్ గారు దండు పోస్టర్లు మిగిలినవన్నీ పొయ్యిలో పెట్టించి, గోడకు కొత్త నాయకుల పటాలు తగిలించారు. కొద్ది రోజులకే కొత్త సర్కారు ప్రచార దఫ్తరు నుంచి ఆర్డరు వచ్చింది. పల్లెల్లో జులుం చేసినవాళ్ళు దాక్కుని తిరుగుతున్నారు, జనం భయం వదిలి వాళ్ళ గురించి చెప్పాలి. 'మీ ఊరి మీద పడ్డవారెవరో భయపడకుండా చెప్పండి' అని పెద్దక్షరాలు, కింద ఒక దుర్మార్గుడి బొమ్మ. ఇది మంచి పని. అప్పుడూ అలాగే అనుకున్నాను, ఇప్పుడూ అదే అంటాను. జులుం నిజంగానే జరిగింది. చెప్పుకోవడానికి నోరు రాని జనం నిజంగానే ఉన్నారు.

మళ్ళీ రెండు రోజులే గడువు. మళ్ళీ అదే కట్ట. మీరు నన్ను తిట్టుకుంటున్నారని తెలుసు. కానీ ఆ ముఖం నా చేతికి అంత అలవాటైపోయింది, కళ్ళు మూసుకుని గీయగలను. వీరుణ్ణి దుర్మార్గుణ్ణి చేయడానికి ఎన్ని గీతలు కావాలనుకుంటున్నారు? మూడు. కనుబొమ్మల లోపలి కొనలు కిందికి దించాను. పెదవి ఒక మూల వంచాను. కంటి కింద నీడ వేశాను. కొంచెం గడ్డం కలిపాను, ఖాజా కాదని నాకు నేను చెప్పుకోవడానికి.

ప్రూఫు తీసేటప్పుడు తడి స్పాంజిలో ఇసుక రేణువు ఒకటి ఇరుక్కుంది. రాయి మీద సర్రుమని గీసుకుపోయింది. ఆ గీతలోకి సిరా పట్టి, బొమ్మ కంటి కింద నుంచి దవడ దాకా నల్లటి చార పడింది. ఖాజా కంగారుపడ్డాడు.

"రాయి ఖరాబైంది విఠల్ భాయ్. ఇసుక సరిగ్గ కడగలే, తప్పు నాదే. జెర టైమియ్యి, సాఫ్ జేస్తా."

నేను ప్రూఫు ఎత్తి వెలుగులో చూశాను. ఆ చార చెంప మీద కత్తి గాటులా ఉంది. నా మూడు గీతలూ చేయలేని పని అదొక్కటే చేసింది.

"ఉండనీ. గిదే మంచిగున్నది" అన్నాను.

ముదలియార్ గారు కూడా చూసి "బొమ్మకు ప్రాణం వచ్చిందయ్యా" అన్నారు. ఖాజా ఒక్కడే ఆ కాగితాన్ని ఇటు తిప్పి అటు తిప్పి చూశాడు. "గీయన నేనేనా?" అని అడిగాడు. కాదు మియా, గడ్డం ఉంది కదా అన్నాను. తల ఊపి రాళ్ళ దగ్గరికి పోయాడు. పోస్టరు బండ్ల కొద్దీ పోయింది, మెదక్ దిక్కూ పోయింది.

ఫాతిమా బీ వచ్చింది

ఖాజా వాళ్ళమ్మ ఊళ్ళో ఒక్కతే ఉండేది. ఆ రోజుల్లో పల్లెల్లో ముస్లిం కుటుంబాల మీద కూడా దాడులు జరుగుతున్నాయని కబుర్లు వస్తున్నాయి. దండు చేసిన దానికి దండుతో సంబంధం లేనివాళ్ళు బలయ్యారు. అమ్మను సికింద్రాబాదు తెచ్చుకుంటానని ఖాజా వారం సెలవు పెట్టి వెళ్ళాడు. వారం పోయింది, ఇంకో వారం పోయింది. అప్పుడు అతని భార్య ఫాతిమా బీ ప్రెస్సుకు వచ్చింది. ఏడ్చి ఏడ్చి ఇక ఏడవడానికి లేనట్టుంది ఆమె ముఖం.

"మా ఊరికి పోయే తొవ్వల పట్టుకున్నరు, భయ్యా. చావడి గోడ మీద కాయిదం ఉన్నదట, గా మొఖం గీనదే అన్నరట. కొట్టిన్రు. కాంపుల వెట్టిన్రు. నలుగురు గవాయి సుత చెప్పిన్రు."

"ఏమని సాక్ష్యం చెప్పిన్రు చెల్లె?"

"ఇండ్లు తగలవెట్టినోడు గీనే అని. చెంప మీద గాటు ఉండె, అందరం చూసినం అని. నా మొగనికి గాటేడిది భయ్యా? పదేనేండ్ల సంది చూస్తున్న గదా. అడుగుతే మాన్పించుకున్నడు అంటున్నరు."

ఆ మాట విన్నాక నేను స్టూలు మీద కూచున్నాను. చదవడం రానివాళ్ళకు ఆ పోస్టరులో పెద్దక్షరాలు లేవు. గోడ మీద సర్కారు ఒక మనిషి ముఖం వేసింది, వీణ్ణి చూస్తే పట్టివ్వమంది, అంతే. దుర్మార్గుడు ఎలాంటివాడో చూపించామని మేం అనుకున్నాం. ఆ దుర్మార్గుడు ఎవడో చూపించామని వాళ్ళు అనుకున్నారు. ఇది కొత్తవాడు చేసే తప్పు కాదు, చెయ్యి తిరిగినవాడు చేసే తప్పు. ముఖం ఎంత బాగా కుదిరితే అంత ప్రమాదం.

ముదలియార్ గారు వద్దన్నారు

వెంటనే ముదలియార్ గారి గదిలోకి వెళ్ళి, విచారణ చేసే ఆఫీసరుకు నిజం చెప్పేస్తానన్నాను. ఆయన అంతా విని తలుపు మూశారు.

"చూడు విఠల్. ఆ ఆఫీసరు ముందట ఈ బొమ్మ నేను గీసిన అంటవు. సరే. దండు పోస్టరు ఎవరు గీసిన్రు అని అడుగుతడు. అప్పుడు ఏమంటవు? నిన్ను లోపలేస్తరు, నన్ను లోపలేస్తరు, ప్రెస్సుకు తాళం. పద్దెనిమిది మంది రోడ్డు మీద పడ్తరు. ఖాజా మంచోడే. వాడు తప్పు చెయ్యలేదు, వాడే బయటికొస్తడు. ఆ రాయిని ఇప్పుడే రుద్ది పెట్టించు."

ఆయన్ని చెడ్డవాడనను. ఆ పద్దెనిమిది మందిలో నేనూ ఒకణ్ణి. ఏ ప్రచార పని వెనకైనా ఇలాంటి మంచి మనిషి ఒకడు, ఇలాంటి సబబైన మాట ఒకటి తప్పకుండా ఉంటాయి. ఆ మాట వినే ఎంతోమంది ఎన్నో రాళ్ళు రుద్దేశారు.

నేను రుద్దలేదు. ధైర్యవంతుణ్ణని కాదు, భయం వేసింది. కానీ ఖాజా గాటును సాఫ్ చేస్తానంటే వద్దన్నది నేను. ఇప్పుడు రాయినే సాఫ్ చేయిస్తే అతనికున్న ఒక్క సాక్ష్యాన్నీ నేనే తుడిచేసినట్టవుతుంది. మర్నాడు పొద్దున ముదలియార్ గారు రాకముందే ఇద్దరు మనుషుల సాయంతో రాయిని ఝట్కా బండి ఎక్కించాను. రోలరు, సిరా, స్పాంజి, నాలుగు కాగితాలు, ఒక బీడీ కట్ట పట్టుకున్నాను. ఫాతిమా బీ పక్కన కూచుని విచారణ దఫ్తరుకు దారి చెప్పింది. ఝట్కా వాడు రాయిని చూసి "సమాధి రాయా సార్?" అన్నాడు. కాకుండా ఉండాలనే తీసుకుపోతున్నానన్నాను.

ఆఫీసరు

విచారణ చేసే ఆఫీసరు మద్రాసు వైపు నుంచి వచ్చినాయన. కోస్తా తెలుగు, చక్కటి మనిషి, బాగా అలిసిపోయి ఉన్నాడు. బల్ల మీద ఫైలు తెరిచి నా ముందుకు తోశాడు. అందులో నేను గీసిన రెండు పోస్టర్లూ ఉన్నాయి.

"ఇది చూశారా? దండులో చేరమని వేసిన పోస్టరు. ఇందులో ఉన్నది ఇతనే. అంటే నాయకుల్లో ఒకడన్నమాట. ఊళ్ళ మీద పడ్డవాడూ ఇతనేనని నలుగురు సాక్షులు చెప్పారు. మీరొచ్చి ఇతను అమాయకుడంటే నేనేం చేయనండీ?"

అదీ సంగతి. ఖాజాకు తుపాకీ ఇచ్చిందీ నేనే, చెంప చీల్చిందీ నేనే. రెండూ కలిసి అతని మెడకు చుట్టుకున్నాయి.

"రెండూ నేనే గీసిన సార్" అన్నాను.

"రెండూనా? ఆ దండుక్కూడా మీరే పనిచేశారన్నమాట."

"చేసిన."

"ఇలా చెప్తే మీ పని ఏమవుతుందో తెలుసాండీ?"

"తెలుసు సార్. ముందు ఒక్క కాగితం తియ్యనియ్యండి, ఆ తర్వాత నన్ను ఏం చేసినా సరే."

బీడీ కట్ట ఆయన చేతికిచ్చాను. ముందు పుట్టిన ముఖం అదేనని చెప్పాను. తర్వాత వరండాలో రాయి దింపించి, తడిపి, సిరా తిప్పి, కాగితం వేసి చెక్కతో రుద్దాను. మిషను లేదు కనుక ముద్ర పల్చగా వచ్చింది. ముక్కూ నోరూ సరిగా తెలియడం లేదు. గాటు మాత్రం నల్లగా, తేటగా వచ్చింది. ఆయన వేలు పట్టుకుని రాయి మీద ఆ గీత వెంట నడిపించాను. గోరు దిగింది.

"ఇది మనిషి గాటు కాదు సార్. ఇసుక రేణువు గీసింది. ఖాజా రుద్దేస్తనన్నడు, నేనే వద్దన్న. ఈ గాటు భూమ్మీద ఎవ్వరి చెంపకూ లేదు, ఈ రాయికే ఉన్నది. మీ నలుగురు సాక్షులు గాటు చూసినమన్నరంటే వాళ్ళు మనిషిని చూడలేదు. నా కాగితం చూసిన్రు."

ఆయన ఫైలు మళ్ళీ తిరగేశాడు. నాలుగు వాంగ్మూలాల్లోనూ గాటు అదే చెంప మీద, కంటి కింద నుంచి దవడ దాకా. ఫైలు మూశాడు. చివరికి "వాళ్ళు అబద్ధం చెప్పలేదండీ, అదే భయంగా ఉంది" అన్నాడు.

నన్ను రెండు రోజులు అక్కడే ఉంచి అంతా రాయించుకున్నారు. ఖాజాను వదలడానికి ఇంకో ఇరవై రోజులు పట్టింది. ఈలోపు ఆ పోస్టరు తీసేయమని ఆర్డరు వచ్చింది. అతికించడానికి మనుషులున్నారు, గీకడానికి లేరు. నేనే బకెట్టూ చీపురూ పట్టుకుని మెదక్ దిక్కు ఊరూరా తిరిగాను. చావడి గోడలు, కల్లు దుకాణాలు, ఒకచోట బడి తలుపు. ఎన్ని గీకానో లెక్కపెట్టలేదు. గీకుతుంటే జనం చుట్టూ చేరి "వాడు దొరికిండా?" అని అడిగేవారు. వాడంటూ ఎవడూ లేడని చెప్తే, వీడెవడో వాడి మనిషే అన్నట్టు చూసేవారు.

ఖాజా తిరిగి పనిలోకి వచ్చినప్పుడు మీసం లేదు. ముదలియార్ గారు నన్నూ తీసేయలేదు, అతన్నీ తీసేయలేదు. ఆ ఒక్క విషయంలో ఆయనకు రుణపడి ఉంటాను. నేను ఖాజా ముందు చేతులు జోడించాను. అతను నా చేతులు విడదీశాడు.

"నీ చెయ్యి మంచిదే విఠల్ భాయ్. గదే తక్లీఫ్" అన్నాడు.

తర్వాతి యుద్ధాలు

దేశానికి తర్వాత కూడా యుద్ధాలొచ్చాయి. ప్రతిసారీ నాకు పిలుపొచ్చింది. శత్రువు ముఖం గీయమన్నారు. గీయనన్నాను. దీపాలార్పి ఉంచమని చెప్పే పోస్టరు గీశాను, రక్తదానానికి గీశాను, సైనికుల ఇళ్ళకు సాయం చేయమని గీశాను. కలరా సూదులకు గీసిన పోస్టరు చూసి అల్వాల్‌లో వీధంతా వరసలో నిలబడితే అంత గర్వపడింది లేదు. మనిషి మనసు మార్చడం పాపం కాదు. అది చేతకానివాడు ఈ వృత్తిలోకే రాకూడదు. ఒక అధికారి "శత్రువును చూపించకపోతే జనానికి కోపం ఎలా వస్తుందయ్యా?" అని నా మీద విసుక్కున్నాడు. కోపం వస్తుంది సార్, ఎవరి ఇంటి మీదికి పోతుందో మీరు చెప్పగలరా అని అడిగాను. ఆ ఏడు నాకు సర్కారు పనులు రాలేదు. బాధపడలేదని చెప్పను, పడ్డాను. అయినా మళ్ళీ అడిగితే మళ్ళీ గీయననేవాణ్ణే.

మీరిప్పుడు మౌసు పట్టుకుని పది నిమిషాల్లో చేసేస్తారు. గడువు రెండు రోజుల నుంచి రెండు గంటలైంది, కట్టలో ముఖాలు లక్షలయ్యాయి. ఒక్కటే అడగండి. ఈ ముఖం ఎవరిది? అడిగితే పని ఆలస్యమవుతుంది. అవనివ్వండి. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. నేను తొక్కాను, కడిగాను, ఖాజాను తెచ్చుకున్నాను. అంతటితో అయిపోయిందనే అనుకున్నాను.

లచ్చవ్వ

ఖాజా వచ్చిన రెండు నెలలకు ఒక మధ్యాహ్నం ప్రెస్సు గుమ్మంలో ఒకామె నిలబడింది. యాభై ఏళ్ళుంటాయి. నలుగురు సాక్షుల్లో ఆమె ఒకతె, పేరు లచ్చవ్వ. ఆఫీసరు ఆమెను పిలిపించి అంతా చెప్పాడట. అడుగుతూ అడుగుతూ కార్ఖానా దాకా వచ్చింది.

"రాయి మీద బొమ్మలు గీసేది నువ్వేనా బిడ్డా?"

"నేనే అవ్వా."

"నా కొడుకు నర్సింలును కల్లం కాడికెళ్ళి తీస్కవోయిన్రు. మల్ల రాలే. తీస్కవోయినోడు నన్ను నీళ్ళడిగిండు. చెంబుతోని నేనే ఇచ్చిన. గింత దూరంల నిలవడి తాగిండు. వాన్ని గీసియ్యి. ఆఫీసరుకు ఇస్త. ఈపాలి తప్పు చెప్ప."

ఆమెను కూచోబెట్టి పెన్సిలు తీశాను. నుదురు ఎలా ఉండేదని అడిగాను. వెడల్పన్నది. కనుబొమ్మలు? ఒత్తుగా, లోపలికి దిగి. మీసం? "ఉండె" అని, ఆగి, "నీ కాయిదంల ఉన్నది గదా" అన్నది. నేను గీస్తున్న ముఖం కాగితం మీద తేలింది. అది అదే ముఖం. చింపేశాను. మళ్ళీ గీశాను.

అల్వాల్‌లో చుట్టాలింట్లో ఉండి నాలుగు రోజులు వచ్చింది. నేను వదల్లేదు, ఆమె వదల్లేదు. వాడి వాసన అడిగాను, గొంతు అడిగాను, చెంబు ఏ చేత్తో పట్టుకున్నాడో అడిగాను. చెయ్యి చెప్పింది, గొంతు చెప్పింది. ముఖం దగ్గరికి వచ్చేసరికి నా పోస్టరు చెప్పేది.

ఖాజా రోజూ ఆమెకు చాయ్ తెచ్చి పెట్టి, కంటపడకుండా వెళ్ళిపోయేవాడు. నాలుగో రోజు వెళ్ళలేదు. వచ్చి ఆమె ఎదురుగా నేల మీద కూచున్నాడు.

"అవ్వా, నన్ను మంచిగ చూడు. నా ముక్కు, నా కండ్లు, అన్ని చూడు. గివి వానివి కావు. నన్ను తీసెయ్యి. మిగిలినోడు వాడే."

ఆమె చూసింది. తనే పట్టిచ్చిన ఆ ముఖాన్ని చాలాసేపు చూసింది. అతని నున్నటి చెంప మీద చెయ్యి వేసి తడిమింది. తర్వాత కళ్ళు మూసుకుంది. పెదవులు కదిలాయి. నేను పెన్సిలు కాగితం మీద ఆనించాను. కళ్ళు తెరిచి తల అడ్డంగా ఊపింది. లేచి కొంగు సర్దుకుంది.

"నేను మర్వలే బిడ్డా" అన్నది. గొంతులో కోపం కూడా లేదు. "నా కొడుకును వాడు తీస్కవోయిండు. వాని మొఖాన్ని నువ్వు తీస్కవోయినవ్."

నర్సింలును తీసుకుపోయినవాడు ఎన్నడూ దొరకలేదు.